మరియమ్మక్క దగ్గర దొరికిన నా పాస్‌వర్డ్

శుక్రవారం సెలవు కదా అని, కువైట్‌లో ఫర్వానియాలోని మా ఫ్లాట్‌లో ఆరాధన పాటల వర్డ్ ఫైల్‌ను ఈబుక్‌గా మార్చడానికి కూర్చున్నాను. ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లకు పుస్తకం మోసే బాధ లేకుండా, ఫోన్లోనే చూసుకుంటారని ఆశ. అవి రెండేళ్లపాటు ప్రతి శుక్రవారం, నాతోపాటే ఫ్లాట్‌లో ఉండే మరియమ్మక్క పాడుతుంటే నేను టైపు చేసిన పాటలు. ఎవరూ చెరపకుండా పాస్‌వర్డ్ పెట్టాను. మూడు నెలలు తెరవకపోయేసరికి, పేషెంట్ల మందులన్నీ గుర్తుండే ఈ నర్సుకు అదొక్కటే గుర్తు రాలేదు. ఎన్ని కొట్టినా తెరుచుకోలేదు. ఏడుపొచ్చేసింది.

టీ తెచ్చిన మరియమ్మక్క రాగం తీసింది.

"జీ ఓ డీ ఏ, వీ ఏ ఆర్ ఐ, నాలుగు సున్నా ఏడు. ఇదేనా అమ్మా?"

"నీకెలా తెలుసక్కా?"

"కొట్టినప్పుడల్లా పైకి సదూతావుగా. ఇనీ ఇనీ వచ్చేసింది."

ఫైలు తెరుచుకుంది! అక్కకు ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ చదవడం రాదు.

పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకూడదంటారు. అందుకే సాయంత్రం కొత్తది పెట్టాను. కాకపోతే, అక్క పక్కన కూర్చున్నాకే, రెండుసార్లు గట్టిగా చదువుతూ పెట్టాను.

మీ పాస్‌వర్డ్ ఎవరి చెవిలో భద్రంగా ఉంది?