ఐదు పొడుగు, నాలుగు పొట్టి

2014 మార్చి, రెండో శనివారం, పొద్దున్న పదకొండు గంటలు. ఆ గంట అప్పటి నుంచీ నా గుండెల మీదే కూర్చుని ఉంది. బైబిలు చదువుకుందామని ఈ ముసలితనంలో చర్చి ఆడపిల్లల దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. వాటితో సొంతంగా రాస్తున్నది ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదువు. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను.

విజయనగరం నుంచి నెల్లిమర్ల పోయే రోడ్డు మీద నాకు మోటారు సైకిళ్ల షెడ్డు ఉండేది. పక్కనే నా బావమరిది దానియేలు పంపు పెట్టి బళ్లు కడిగేవాడు. కార్బురేటరు బండయితే చప్పుడు విని రోగం చెప్పేవాణ్ని. తర్వాత కంప్యూటరే పెట్రోలు చిమ్మించే ఇంజెక్షను బళ్లు వచ్చాయి. వాటికి రోగమొస్తే మీటరులో పసుపు లైటు మిణుకుమంటుంది. ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెడితే ఏ భాగం చెడిందో తెలుస్తుంది. ఏ అంకెకి ఏ భాగమో టౌనులో ఒక మెకానిక్కు నోటితో చెప్పాడు, నేను చెవితోనే పట్టుకున్నాను. తెలియనిది రెండోసారి అడగడం నాకు చేతకాదు. చదువు రానివాడు అనుకుంటారని భయం. రానివాణ్నే కదా, ఇంకా దేనికి భయం?

ఆ రోజు జూటు మిల్లులో పనిచేసే రాజారావు బండి తెచ్చాడు. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందన్నాడు. తాళం తిప్పి లైటు చూశాను. తొమ్మిది లెక్క వచ్చింది. తొమ్మిదంటే లోపలికి పోయే గాలి వేడిని చూసే సెన్సారు. అది చెడితే బండి ఆగదు. ఆగుతోందని అతను చెబుతున్నాడు, ఆగదని నా లెక్క చెబుతోంది. అక్కడే నాకు అనుమానం రావాలి. వచ్చింది కూడా.

రాజారావు వంగి చూశాడు. "మావా, ఐదు పొడుగ్గా ఎలిగాయి, నాలుగు పొట్టిగా. రెండూ ఒకలాగే లెక్కెడతారేటి?"

నాకు తెలియదు. "నీ మిల్లు మిషను నువ్వు సూసుకో. ఇది నాకొగ్గీ," అన్నాను.

పైపు పట్టుకున్న దానియేలు, "ఊరుకో రాజారావూ, మా బావ గట్టిగా సూస్తే ఆ లైటే బయపడి ఆరిపోతాది," అన్నాడు.

టీ తెచ్చిన నా భార్య మార్తమ్మ నవ్వింది. అందరం నవ్వాం. గాలి సెన్సారు తుడిచి పెట్టాను. బ్యాటరీ వైరు ఊడదీసి మళ్లీ బిగించాను. లైటు ఆరింది. ఆరింది లైటే, రోగం కాదని నాకు తెలుసు. తగ్గిపోయిందని చెప్పి, కడిగించుకుని వెళ్లమన్నాను.

ఆ సాయంత్రం రోడ్డు మధ్యలో ఇంజను ఆగిపోయింది. వెనక లారీ. రాజారావు కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఆసుపత్రి వరండాలో అతని అన్న నన్ను అడిగాడు, ఎలా జరిగుంటుందని. కడిగినప్పుడు వైర్లలోకి నీళ్లు పోయుంటాయన్నాను. నోరు జారిందా? జారలేదు. ఆటోలో వస్తూనే ఆ మాట సిద్ధం చేసుకున్నాను. ఆ తర్వాత దానియేలు దగ్గరికి ఎవరూ బండి తేలేదు. పంపు అమ్మేసి కోటబొమ్మాళి పోయి ధాన్యం బస్తాలు మోస్తున్నాడు. పైపు పట్టింది తనే కాబట్టి తప్పు తనదేనని వాడూ నమ్మాడు. మార్తమ్మ తమ్ముడి గడప తొక్కడం మానేసింది.

రెండేళ్లకి శ్రీకాకుళంలో ఒక షెడ్డు ముందు నిలబడ్డాను. అక్కడి మెకానిక్కు అలాంటి లైటే చూస్తూ పైకి లెక్కపెడుతున్నాడు. పది, ఇరవై, ముప్పై. తర్వాత ముప్పై ఒకటి, ముప్పై రెండు. పొడుగుది పది, పొట్టిది ఒకటి. ఐదు పొడుగు, నాలుగు పొట్టి లెక్కేసుకున్నాను. యాభై నాలుగంటే ఏమిటని అడిగాను. బండి పడిపోతే ఇంజను ఆపేసే సెన్సారు అన్నాడు. అది చెడితే, నడుస్తున్న బండిని కూడా పడిపోయిందనుకుని ఆపేస్తుందట.

ఇప్పుడు ఏ లైటు మిణుకుమన్నా లెక్కపెడతాను. రైలు గేటు దగ్గర, చర్చిలో క్రిస్మసు దీపాల దగ్గర.

వచ్చే ఆదివారం మా చర్చిలో దానియేలు కూతురికి బాప్తిస్మం. వాడు వస్తున్నాడు. మార్తమ్మ రానంటోంది. వాళ్లిద్దరికీ నిజం చెప్పగలనో లేదో నాకే నమ్మకం లేదు. క్షమించమని నిన్ను అడగను, అది నీ చేతిలో లేదు. రాశాను. అంతే.

ఆ రోజు అక్కడ ఉన్నది మేం నలుగురం. సరిగ్గా అడిగిన రాజారావు. నవ్వించిన దానియేలు. టీ గ్లాసులతో నిలబడ్డ మార్తమ్మ. తెలియదు అనలేకపోయిన నేను.