ఆరో వార్డు, స్టూలు గుర్తు

రాజలింగం పెళ్లాం బిడ్డలు ఊళ్లో ఉండేవాళ్లు. అతను కాపురం చేసింది మాత్రం దుబాయ్ దగ్గర సజ్జాలో, ఫోనులో. జగిత్యాల దగ్గర పల్లెలో వాళ్ల గేటుకు ఏ రంగు వెయ్యాలో, బర్రెను ఎప్పుడు అమ్మాలో, కొడుకు ఏ బడికి పోవాలో అన్నీ క్యాంపులో మంచం మీద కూర్చుని తేల్చేవాడు. అవతల నుంచి భార్య సమ్మవ్వ "మంచిది" అనేది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇల్లంతా తన మాట మీదే నడుస్తోందని మనవాడి ధీమా. రెండేళ్లకోసారి రెండు నెలలు సెలవు మీద వెళ్లి, వంటింట్లో బియ్యం డ్రమ్మును ఈ మూల నుంచి ఆ మూలకు జరిపించి వచ్చేవాడు. "నేను విమానం ఎక్కంగనే మల్ల ఎనుకకు జరుపుతది" అని తనే చెప్పి నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం.

నా పేరు పెద్దిరాజు. మాది రాజోలు. అతను పనిచేసే సిమెంటు ఇటికల ఫ్యాక్టరీలోనే స్టోరు గుమస్తాని. 2009లో నేను క్యాంపులో అతని గదిలోకి వచ్చిన రోజున, నా మోకాళ్ల నొప్పి చూసి అడక్కుండానే తన కింది మంచం నాకిచ్చి పై మంచం ఎక్కాడు. నాకు ముక్కు మీద కోపం. పదేళ్లలో ఆ గదిలో నా చేత తిట్లు తినని మనిషి అతనొక్కడే.

అతని జబ్బల్లా ఒకటే. "వచ్చే ఏడు వీసా క్యాన్సిల్ చేస్కోని వోత" అనడం. ఇల్లు కట్టాక పోతానన్నాడు. ఇల్లు అయింది. బోరు పడ్డాక అన్నాడు. పడింది. కొడుకు పదో తరగతి అయ్యాక అన్నాడు. అదీ అయింది. అసలు సంగతి ఏమిటంటే, ఊరికే తిరిగి వెళ్లడానికి అతనికి భయం. "ఉత్తగ వోతే ఊర్ల కుక్క గూడ చూడదన్నా. సెలవు మీద వోతే దుబాయోడు అంటరు. ఖలాస్ చేస్కోని వోతే పనిలేనోడు అంటరు" అనేవాడు. నిజమే అనిపించేది నాకూ.

2018 చివర్లో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. వాళ్ల ఆరో వార్డు బీసీ మహిళకు రిజర్వయింది. రాజలింగం మొహం వెలిగిపోయింది. సమ్మవ్వ వార్డు మెంబరైతే తను మెంబరు భర్త. పంచాయతీ ఆఫీసులో ఒక కుర్చీ, నలుగురిలో ఒక మాట. ఇక వెళ్లిపోవచ్చు. తమ్ముడు ప్రమోద్‌కు ఫోను చేసి నామినేషను వేయించమన్నాడు. సమ్మవ్వ ఒక్కసారే అడ్డం చెప్పింది.

"నాకెందుకయ్యా? కొమురవ్వ నిలవడుతున్నది గద."

"నీకేం తెల్వది, ఊకో" అన్నాడు.

"మంచిది" అంది.

కొమురవ్వ అంటే వాళ్ల వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్ల సంఘానికి లీడరు. భర్త పోయిన మనిషి. పోటీ ఇద్దరి మధ్యే. కొమురవ్వకు జగ్గు గుర్తు వచ్చింది, సమ్మవ్వకు స్టూలు. మా క్యాంటీను స్టూలు మీద రాజలింగం కూర్చుని ఫోటో తీయించుకుని ఊరి గ్రూపులో పెట్టాడు. "పోటీ నువ్వు చేస్తున్నావా, మీ ఆవిడా?" అని ఎగతాళి చేశాను. "ఇద్దరం ఒకటే గదనే" అన్నాడు.

మా గదిలోనే ఆ వార్డు మగవాళ్లు అతను గాక ఆరుగురు. ఒక్కరికీ ఊళ్లో ఓటు లేదు, ఎప్పుడో జాబితాలోంచి ఎగిరిపోయాయి. అయితేనేం, ఇళ్లలో ఆడవాళ్లకు ఉన్నాయి. ఒక శుక్రవారం అందరూ ఒకచోట చేరి, రాజలింగం ఎదుటే స్పీకరు పెట్టి ఇళ్లకు ఫోన్లు చేశారు. వాళ్లలో మురళీ అయితే పెళ్లాన్ని దాదాపు గద్దించాడు: "స్టూలు గుర్తు. ఇంట్ల నాలుగోట్లు. ఇనవడ్తుందా?" వినబడిందని ఆవిడ అంది. అలా ఆరిళ్లవి ఇరవై మూడు ఓట్లు. వార్డంతా కలిపి నూట ముప్ఫై లోపే. ఇరవై మూడు చేతిలో ఉంటే మిగతావి అవే వస్తాయన్నాడు మురళీ.

ఆ ఊపులో రాజలింగం నా దగ్గరకొచ్చి రాజీనామా రాసిపెట్టమన్నాడు. ఫలితం రానీ అన్నాను. "వచ్చినట్టేనన్నా" అన్నాడు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసిచ్చాను. ముదీర్, అంటే మా మేనేజరు, టేబుల్ మీద పెట్టి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఈ సంగతి సమ్మవ్వకు చెప్పలేదు. గెలిచిన రోజున ఒకేసారి చెబుతాడట.

జనవరి ఇరవై అయిదు పోలింగు. మాకు సెలవు, శుక్రవారమే. మధ్యాహ్నం బిర్యానీ చేశాం. మేం వడ్డించుకుంటుండగా ప్రమోద్ ఫోను చేశాడు. రాజలింగం స్పీకరు పెట్టాడు, అందరూ వినాలని.

"అన్నా, కొమురవ్వకు నూట పద్దెనిమిది."

"మనకో?"

"నాలుగన్నా."

నాలుగా, నలభయ్యా అని అడిగాడు. నాలుగే. ప్రమోద్, అతని భార్య, సమ్మవ్వ అత్తమామలు. వాళ్లింట్లో వాళ్లే ఆ నలుగురూ.

గదిలో ఒక్కడూ తలెత్తలేదు. మురళీ అక్కడే పెళ్లానికి ఫోను చేసి నానా మాటలూ అన్నాడు. ఆవిడ అంతా విని, "నీకు ఈడ ఓటుందా? లేదు గద. మరి నాకెందుకు చెప్తవ్?" అని పెట్టేసింది. ఊళ్లో అయితే ఓడినవాడు నాలుగు రోజులు ఇంట్లో దాక్కోవచ్చు. మాది పన్నెండు మంచాల గది. మాటిచ్చి తప్పిన ఆరుగురి మధ్యే అతను పడుకోవాలి, లేవాలి, తినాలి. రాజలింగం ఎవర్నీ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం సమ్మవ్వతో మాట్లాడాడు. నేను పక్కనే ఉన్నాను.

"నీ ఓటు ఎటువోయింది?"

"కొమురవ్వకే ఏసిన."

"ఏందే?"

"ఎనుక గోడ కూలిన నాడు, వానల, పోరగాండ్లతోని నలభై దినాలు ఆమె ఇంట్లనే ఉన్న. నువ్వు గోడ గురించి అడిగినవ్, కట్టిచ్చినవ్. మేం ఏడ పన్నమని అడగలే. నేనే గాదు, వాడల అందరికీ ఆమె చేసిందే ఉన్నది."

రాజలింగం ఫోను కట్టేశాడు. వారం రోజులు ఆమె ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఆ వారంలోనే, ఆదివారం పొద్దున నా దగ్గరకొచ్చి, రాజీనామా వెనక్కి తీసుకుంటానని ఇంకో ఉత్తరం రాయమన్నాడు. ముందు ఆవిడతో మాట్లాడు, కోపం తగ్గాక రాస్తానన్నాను. "నాలుగోట్ల మొకం వెట్టుకోని ఎట్ల వోవాలన్నా?" అన్నాడు. రాసిచ్చాను. నేను రాయకపోతే ఇంకొకడు రాసేవాడని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. ఒట్టి సాకు. చేతిలో కలం ఉన్నది నాకే. ముదీర్ సరేనన్నాడు కాని, ఉంటే ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టాలన్నాడు. గురువారం పెట్టాడు.

శుక్రవారం సమ్మవ్వ నా నంబరుకు చేసింది. రాజలింగం ఎదురుగా కూర్చుని చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. స్పీకరు పెట్టి, మాట్లాడమని సైగ చేశాను. తల అడ్డంగా ఊపాడు.

"డ్యూటీల ఉన్నడా అన్నా?"

"ఆఁ" అన్నాను.

"కోపం తగ్గిందా?"

"నువ్వైనా ఒక్క ఓటు వేసుకోవాల్సింది చెల్లెమ్మా" అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను.

"నీకు చెప్తున్నన్నా. ఆయనకు చెప్పకు. ఇల్లయినంక వస్త అన్నడు, బోరు వడ్డంక అన్నడు, పిలగాడు పది పాసయినంక అన్నడు. అన్నీ అయినయ్. పద్దెనిమిదేండ్లు. ఇది గెలిస్తే ఇంకోటి వెడతడు, నాకు ఎరుకే. కొమురవ్వకు ఎయ్యాల్నన్నది ఉన్నది, అబద్ధమాడ. గని ఇంకోటి గూడ అనుకున్న. ఓడినోడు ఇంటికి గాకుంట ఏడికి వోతడు? ఏం లేనోడై అయినా మంచిదే, నాకు ఆయన గావాలె. ఎన్నడొస్తున్నడన్నా?"

రాజలింగం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాడు. నాకు ఇంకో అబద్ధం చెప్పాలని లేదు. చెప్పాను, నిన్ననే సంతకం పెట్టాడని, రెండేళ్లకని. అంతకు ముందు వేసిన రాజీనామా సంగతి కూడా చెప్పాను.

"ముందుగాల్నే రాసిచ్చిండా?" అంది. "నాకెందుకు చెప్పలే?"

తర్వాత ఏడుపు వినిపించింది. అణుచుకున్న ఏడుపు కాదు, గట్టిగానే ఏడ్చింది. ఆమె ఏడవగా తను వినడం అదే మొదటిసారని రాజలింగం తర్వాత నాతో అన్నాడు. అప్పుడు లేచి వచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇన్నేళ్లు అన్నిటికీ ఏదో ఒకటి చెప్పిన మనిషికి ఏం చెప్పాలో తెలియలేదు.