సుంగై సుమున్‌లో గడ్డం ఊసరవెల్లి

వేలెడంత ఊసరవెల్లి కోసం మూడు గంటలు బస్సులో కూర్చునేవాళ్ళుంటారా అంటే, నేనున్నాను. కౌలాలంపూర్‌లో నాతోపాటు బడిలో పాఠాలు చెప్పే శాంతి, సుంగై సుమున్ అనే పల్లెలోని తమ ఇంట్లో తూర్పు ఆఫ్రికా గడ్డం ఊసరవెల్లిని పెంచుతోంది. దాన్ని బయటికి పంపాల్సిందేనని వాళ్ళ మామ్మ పట్టుబట్టింది. ముఖ్యమైన మాట తెలుగులో చెబితేనే మామ్మ చెవికెక్కుతుందట. శాంతికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. "నువ్వే చెప్పక్కా," అని ఇంగ్లీషులోనే బతిమాలింది. జంతుశాస్త్రం చెప్పేదాన్ని, ఎగిరి గంతేశాను.

పొద్దున్నే బస్సెక్కి తెలుక్ ఇంతాన్‌లో దిగాను. టికెట్ ముప్పై రింగిట్ల లోపే. అక్కణ్ణుంచి శాంతి కారులో హుతాన్ మెలింతాంగ్ మీదుగా, ఆయిల్ పామ్ తోటలు దాటుకుంటూ ఇల్లు చేరాం. మామ్మ కడుపునిండా చేపల పులుసు, అన్నం పెట్టింది కానీ ఊసరవెల్లి ఉన్న గాజుపెట్టె వైపు చూడనైనా లేదు.

గొడవంతా పేరుతోనే. మలయ్ భాషలో, తోటల్లో తిరిగే తొండనీ, ఊసరవెల్లినీ కూడా 'సుంపా-సుంపా' అంటారు. సుంపా అంటే శాపం. తెలుగు పేరు తెలియక శాంతి అదే చెప్పింది. శాపాన్ని కొని తెచ్చిందని మామ్మ బాధ. కాదు మామ్మా, ఊసరవెల్లి అన్నాను గొప్పగా.

"మాట మార్సేవోడినే కదా అలగంటారు? అదింకా సెడ్డది," అంది మామ్మ.

పప్పులో కాలేశాను. మళ్ళీ మొదలుపెట్టాను. తొండల కుటుంబం వేరు, దీనిది వేరు. కళ్ళు రెండూ చెరోవైపు తిరుగుతాయి, వేళ్ళు పటకారులా కొమ్మని పట్టుకుంటాయి, నాలుక చాచి పురుగుని లాక్కుంటుంది. అన్నీ ఊసరవెల్లి లక్షణాలే. కానీ తోక పొట్టి, రంగు మార్చడం అంతంతమాత్రం. ఎండుటాకులా గోధుమరంగులో ఒదిగి ఉంటుంది. ఒకప్పుడు శాస్త్రవేత్తలు దీన్ని మరో ప్రజాతిలో కలిపేసినా తర్వాత విడదీశారు. చుబుకం కింద పొలుసులు చిన్న గడ్డంలా వేలాడతాయి, అందుకే ఆ పేరు.

"గెడ్డం ఉన్నాదా?" మామ్మ కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. అది ఊగుతూ ఒక్కో అడుగే వేస్తుంటే చాలాసేపు చూసింది. "తాతే కదేటి ఇది. తాతని బయటికి గెంటేస్తారేటి?"

శాంతి మాటలు కూడగట్టుకుని, "తాతకి కూడు పెట్టాల, మామ్మా," అంది. నేను విన్న ఆమె మొదటి తెలుగు వాక్యం అదే.

తిరుగు బస్సులో నాకెంతో హాయిగా అనిపించింది. నేను చెప్పిన వర్గీకరణలో మామ్మకి పనికొచ్చింది గడ్డం ఒక్కటే, ఆ ఒక్కటీ చాలింది. మీరూ ఎక్కడైనా ఈ చిన్న ప్రాణిని చూడబోతే చేతిలోకి తీసుకోకండి. పట్టుకుంటే బెదిరి సన్నగా వణుకుతుంది. ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్ళందరికీ మామ్మ కూడా అదే చెబుతోందట: "తాతని ముట్టుకోకండి."