నలభై మూడు ఫ్లెమింగోలు

గత జనవరి రెండో శుక్రవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు, దట్టమైన పొగమంచు. కెన్యాలో పదహారేళ్ళు సఫారీ గైడుగా పనిచేసిన నేను, ఖతార్‌లోని అల్ ఖోర్ దగ్గరి మడ అడవుల్లోకి, పక్షులను చూడటానికి వచ్చిన తొమ్మిదిమందిని నడిపించుకెళ్ళాను. నలభై మూడు ఫ్లెమింగోలను లెక్కించి, పుస్తకంలో రాసుకుని వెనుదిరిగేసరికి సముద్రం పోటెత్తుతోంది. మనుషులు ఎనిమిదిమందే ఉన్నారు. జగిత్యాల నుంచి వచ్చిన మేస్త్రి మల్లేశం లేడు.

గొంతు పోయేదాకా పిలిచాను. నీళ్ళు నా మోకాళ్ళు దాటాయి. పదకొండో నిమిషంలో జవాబు వినిపించింది.

"సారూ, బురద కాళ్ళు ఇడుస్తలేదు. బిడ్డకు పిట్టల వీడియో తీస్తుంటి."

నడుములోతు నీటిలో ఉన్నాడు. తాడు విసిరి అందరం లాగాము.

"సింహాల నడుమ తిరిగినోళ్ళు, పిట్టలను సూసి నన్ను మరిచిన్రా?" అన్నాడు వణుకుతూ.

 అప్పటినుంచి ముందుగా మనుషులనే లెక్కిస్తున్నాను. ఆనాటి పుస్తకంలో పక్షుల సంఖ్య కొట్టివేసి, ఇలా రాశాను: వెళ్ళినవారు తొమ్మిదిమంది, తిరిగి వచ్చినవారు తొమ్మిదిమంది.