నాగాయలంకలో మేళం కట్టిన రోజు

మా గురువుగారు కామేశ్వరమ్మగారు బందరులో తుంటి ఎముక విరిగి మంచం పట్టి ఐదు నెలలైంది. దసరా వెళ్ళిన వారంలో ఆవిడ మేనకోడలు లలిత గుడివాడలో ఉన్న నాకు ఫోన్ చేసింది.

"అత్తయ్య తన వీణ వినాలంటోందండీ. రికార్డింగులు వద్దట, ఇంకొకరి వీణా వద్దట. కానీ దాని మెట్లు సగం ఊడిపోయాయి."

వీణకు ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. ఆ మైనం పాతబడితే తీసేసి, కొత్తది పోసి, చెవితో స్వరం చూసుకుంటూ ఒక్కో మెట్టునూ మళ్ళీ నిలబెట్టాలి. దాన్నే మేళం కట్టడం అంటారు. మా వైపు ఆ పని చేసేవారు నాకు తెలిసి ఒక్కరే మిగిలారు, నాగాయలంకలో పడవలు కట్టే నాంచారయ్యగారు. ఆయన కూతురు మల్లీశ్వరికి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పాను.

పొద్దున ఏడూ పదికి గుడివాడలో పాసింజర్ ఎక్కాను. ఆకాశం నిండా మబ్బు. దారి పొడుగునా చేపల చెరువులు, మధ్యమధ్య వాన నీళ్ళలో వాలిపోయిన వరి. ఎనిమిదిన్నరకు బందరులో దిగి, ఆటోలో ఈడేపల్లిలోని గురువుగారింటికి వెళ్ళాను. గురువుగారు మెలకువగానే ఉన్నారు. మనిషి సగమైపోయారు.

"నాంచారయ్యనే కట్టమను. తొందరపెట్టకు" అన్నారు, అంతే.

వీణను గుడ్డలో చుట్టుకుని బయల్దేరాను. తొమ్మిదిన్నరకు అవనిగడ్డ బస్సు. వీణతో వెళ్ళేవారు వెనక సీట్లు చూసుకోవడం మంచిది. "దానికీ టికెట్ తియ్యాలమ్మా, సీటంతా అదే కూర్చుంది" అన్నాడు కండక్టరు. తీశాను. చల్లపల్లిలో రొయ్యలు అమ్ముకున్న ఒకామె ఖాళీ తట్టతో ఎక్కి, నా పక్కన సర్దుకుని కూర్చుంది.

"ఇదేంటక్కా?"

"వీణమ్మా."

"వాయిస్తే వినేవోళ్ళు ఉన్నారా ఇంకా?"

"ఒకరున్నారు."

ఆమె తల ఊపింది. "మా నాన్న తంబూరా మీటి తత్వాలు పాడేవోడు. ఆయన పోయాక దాన్ని అటక మీద పెట్టాం. మొన్న దింపితే చెద తినేసుంది" అంది. అవనిగడ్డ దాకా వీణ తల తన ఒళ్ళో పెట్టుకుని, బస్సు కుదిపినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టింది. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటుతుంటే నీళ్ళు బురద రంగులో ఉన్నాయి.

అవనిగడ్డ బస్టాండులో రెండు ఇడ్లీలు తిని బస్సు మారాను. పదకొండున్నరకు నాగాయలంక.

రేవు దగ్గర ఇల్లు. వాకిట్లో సగం కట్టిన పడవ, కాగుతున్న గుగ్గిలం వాసన. నాంచారయ్యగారికి ఎనభై దగ్గర పడ్డాయి. నేను నమస్కారం పెట్టి మాట్లాడితే నవ్వి, కూతురి వైపు చూశారు. మల్లీశ్వరి ఆయన చెవి దగ్గర వంగి నా మాట మళ్ళీ చెప్పింది.

"రెండేళ్ళ నుంచి నాన్నకి సరిగ్గా వినపడట్లేదండీ. మిషను పెట్టించాం. మాటైతే తెలుస్తుంది గానీ స్వరం ముక్కలైపోతుందంటాడు."

"ఫోన్‌లో చెప్పలేదేమ్మా?"

"చెప్తే మీరు రారు కదండీ. ఆయన వీణ ముట్టుకుని ఏడాది దాటింది."

నాకు కోపం రాలేదు. ఆయన అప్పటికే గుడ్డ విప్పి, అరచేత్తో వీణ దండి పొడుగునా నిమురుతున్నారు.

పాత మైనం గీకేశారు. తేనెమైనంలో గుగ్గిలం, మసి కలిపి కాచి పోశారు. తర్వాత గడ్డం దండికి ఆనించి, తీగ మీటి, కళ్ళు మూసుకుని ఒక్కో మెట్టూ పెట్టారు. చెవికి అందనిది ఎముకకు అందుతోంది కాబోలు. "మా ఇంట్లో తినరేమోనని అరటిపళ్ళు తెప్పించానండి" అని మల్లీశ్వరి అంటే, మజ్జిగ కూడా అడిగి తాగాను. రెండున్నరకు పన్నెండు మెట్లు నిలబడ్డాయి. ఒక్కటీ వంక పెట్టడానికి లేదు.

పదమూడో మెట్టు దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కణ్ణించి నాకు అందదమ్మా. అబద్ధపు మేళం కట్టలేను. మీరు చెప్పండి, నేను పెడతాను."

నేను మీటి, వేలు పైకో కిందికో చూపిస్తుంటే ఆయన వెంట్రుకవాసి జరుపుతూ వచ్చారు. నాలుగున్నరకు పూర్తయింది. అంతా ఒకసారి వాయించమన్నారు. అరచెయ్యి వీణ కుండకు ఆనించి విన్నారు.

"కింద బాగుంది. పైన ఎట్టా ఉందో మీరే చెప్పాలి."

"బాగుందండీ" అన్నాను. నిజంగానే బాగుందనిపించింది.

గేటు దాకా వచ్చి, "ఇంకెవర్నీ నా దగ్గరికి పంపకండమ్మా" అన్నారు. అందుకే వీణతో ఈ దారిన వెళ్ళాలనుకునే వారికి చెబుతున్నాను, ఆయన కోసమైతే వెళ్ళకండి.

బందరు చేరేసరికి చీకటి పడింది. ఆ రాత్రి గురువుగారింట్లోనే పడుకున్నాను. పొద్దున ఆరింటికి లలిత ఆవిణ్ణి దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది. హిందోళం మొదలుపెట్టాను. దుప్పటి మీద ఆవిడ వేళ్ళు నాతోపాటు కదిలాయి. తార స్థాయికి వెళ్ళగానే ఆగిపోయాయి.

"గాంధారం తగ్గింది. పైన మధ్యమం కూడా."

మళ్ళీ మీటాను. నాకు సరిగ్గానే వినిపించింది. ఇంకోసారి మీటాను. సరిగ్గానే ఉంది.

"నాంచారయ్య తప్పు కట్టడే. చెవి పోయిందా అతనికి?"

అవునంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. ఆయన ఎక్కడో రేవు దగ్గర ఉంటారు, ఈ మాట ఎప్పటికీ ఆయన దాకా వెళ్ళదు. నోరు తెరిచాను కూడా.

"ఆయన కట్టినవి కింది పన్నెండేనండీ. పైవి నా చెవితో కట్టినవి."

ఆవిడ తల నా వైపు తిప్పారు.

"నీకెన్నేళ్ళిప్పుడు?"

"అరవై ఒకటి."

"పిల్లలకి చెప్తున్నావా ఇంకా?"

"చెప్తున్నానండీ."

ఆవిడ కళ్ళు మూసుకుని, "మంద్రంలో వాయించు" అన్నారు. అరగంటసేపు కింది మెట్ల మీదే వాయించాను. ఆవిడ అలాగే నిద్రపోయారు. వీణకు గుడ్డ కప్పి, లలితకు చెప్పి బయల్దేరాను.

తొమ్మిది దాటాక రైలు. పెట్టె సగం ఖాళీ. బయట అవే చెరువులు, అదే మబ్బు. ముప్ఫై ఏళ్ళుగా ఎందరి పిల్లల వేళ్ళు పట్టుకుని 'ఇది తగ్గింది, ఇది పెరిగింది' అని దిద్దానో లెక్కేసుకోబోయి మానేశాను. రెండు రోజుల ప్రయాణంలో నాకు మిగిలింది ఆ ఆలోచనే.

ఎదురు సీటులో అమ్మాయి వంగి నా మోకాలు తట్టింది. "ఆంటీ, మీ ఫోన్ ఇందాకటి నుంచి మోగుతోందండీ."

సంచిలో నుంచి తీశాను. ఒక విద్యార్థిని తల్లి.

"ఇవాళ సాయంత్రం క్లాసు ఉందాండీ?"

"ఈ వారం లేదమ్మా" అన్నాను.

"ఏమైందండీ?" అని అడిగిందావిడ. బండి చప్పుడులో వినబడనట్టు ఊరుకుని, ఫోన్ పెట్టేశాను. గుడివాడ వచ్చేదాకా ఆవిడకు ఏం చెప్పాలో వెతుక్కుంటూ కూర్చున్నాను.