కట్టు విప్పిన చెయ్యి

మా పక్కింటి మిలిట్రీ మామ పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. ఆ వార్త నాకు బస్సులో అందింది. నేను పాఠాలు చెప్పే బడి కార్వేటినగరం వైపు ఉంది. రోజూ పుత్తూరులో బస్సెక్కి పోతాను. ఆ రోజు కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడి పది నిమిషాలు కాలేదు, మామ భార్య, మా అత్త, ఫోన్ చేసింది. "పాపా, మీ మామ లేస్తా లేడు. టీ పెట్టుకోనొచ్చి ఎంత పిలిచినా పలకతా లేడు. నువ్వు రామ్మా" అంది. కండక్టర్‌ని బతిమాలి మధ్యలోనే దిగిపోయాను. తిరుగు బస్సు వచ్చేలోపే రెండో ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయాడంది అత్త. రోడ్డు పక్కన నిలబడి నేను ఏడవలేదు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఇంకెవరికి చెప్పాలో తెలియక కోపం వచ్చింది. ఎవరి మీదని అడిగితే నా మీదే.

ఆయన మాకు చుట్టం కాదు. గోడకు అటు వాళ్లు, ఇటు మేము. ఇరవై నాలుగేళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా ఇంటికొచ్చిన మనిషి. వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచిన వాళ్లు లేరు. ఐదేళ్ల పిల్లలకూ మామే, అరవై ఏళ్ల ముసలివాళ్లకూ మామే. తెల్లవారి ఐదున్నరకల్లా ఊరి బయటి మైదానంలో ఉండి, సైన్యంలో చేరాలనుకునే పిలకాయలను పరిగెత్తించేవాడు. "పరిగెత్తేటప్పుడు పక్కోణ్ణి సూడొద్దురా. పక్కోడు పడితే మాత్రం సూడాల" అని అరిచేవాడు. ఇంటికొచ్చి కాన్వాసు బూట్లకు సుద్ద పూసి మా రెండిళ్ల మధ్య గోడ మీద ఆరబెట్టేవాడు. ఆ సుద్ద నేను ఆరేసిన చీరలకు అంటేది. నేను ఊరుకునే రకం కాదు కదా, గోడ మీంచి గొడవకు దిగేదాన్ని. "సుద్దే కదా పాపా, దులిపితే పోతాది" అని నవ్వేవాడు. నాకు నలభై నాలుగేళ్లొచ్చినా ఆయనకు నేను పాపనే.

ఆయన్ని చూడడానికి వచ్చిన ప్రతివాడూ ఒకటే ప్రశ్న అడిగేవాడు. మిలిట్రీకి పోయినందుకు ఎప్పుడైనా బాధపడ్డావా మామా? "లేదప్పా" అనేవాడు, అంతే. వివరం చెప్పేవాడు కాదు. ఒకసారి అత్త వాకిట్లో చింతపండు ఈనెలు తీస్తూ ఆ మాట విని, "ఆయన్నే అడగతారు. ఆయన సర్వీసు చేసింది ఆడ. నేను చేసింది ఈడ. నన్ను ఒకరన్నా అడిగినారా?" అంది. వచ్చినవాడు నవ్వబోయి, అత్త ముఖం చూసి మానేశాడు. మామ లేచి వెళ్లి అత్త పక్కన కూర్చుని తనూ ఈనెలు తీశాడు. ఆయన జవాబు చెప్పే పద్ధతి అది.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి చెప్పాలి. అది చెప్పకుండా మామ గురించి ఎంత రాసినా దొంగరాతే అవుతుంది.

అమ్మ చిన్నప్పుడే పోయింది. నాయన నగరిలో మరమగ్గాల షెడ్డులో పని చేసేవాడు. పదేళ్లు చిన్నవాడైన తమ్ముణ్ణి పెంచింది నేనే. వాడు పదకొండో ఏట మామిడి చెట్టు మీంచి పడి ఎడమ మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎముక విరిగితే ఎక్కడెక్కడి వాళ్లో మా పుత్తూరుకు వస్తారు, మాకు వేరే ఊరు పోవాల్సిన అవసరమేముంది? ఆకుపసరు, గుడ్డుసొన పూసి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. రెండు కట్లయ్యాయి. మూడోది విప్పడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. "మేము ఇప్పేదాకా తాకొద్దు" అని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపారు. ఈలోగా నాయనకు షెడ్డులో రెండు రోజులు సెలవు దొరికింది. అమ్మ బతికుండగా మొక్కిన మొక్కు ఒకటి బాకీ ఉంది, తమ్ముడికి కొండ మీద గుండు కొట్టించాలి. గుండు కొట్టించాక తలస్నానం చెయ్యాలి కదా. కట్టు తడవకూడదు. వాడేమో దురదగా ఉందని వారం నుంచి ఏడుస్తున్నాడు. నేను కత్తెర తెచ్చి కట్టు కోసేశాను. కట్టినవాళ్లే విప్పారని నాయనకు చెప్పాను.

కొండ దిగే బస్సులో ఒక మలుపు దగ్గర వాడు ముందు సీటు కడ్డీని ఆ చేత్తో పట్టుకుని కెవ్వుమన్నాడు. మళ్లీ కట్టు వేయించడానికి తీసుకుపోతే తిడతారని నేను తీసుకుపోలేదు. ఇంట్లోనే నూనె రాశాను. నొప్పి తగ్గింది. చెయ్యి మాత్రం పూర్తిగా చాపుకోవడం పోయింది. చూసేవాళ్లకు తెలియనంత వంపు, అంతే. కట్టు కోసిన సంగతి నాకూ వాడికీ తప్ప మూడో మనిషికి తెలియదనుకున్నాను.

పంతొమ్మిదేళ్లకు వాడు మామ మైదానంలో చేరాడు. మొదటి రోజే "సావధాన్" అని అందరినీ నిటారుగా నిలబెట్టగానే మామ కన్ను ఆ చేతి మీద పడింది. "ఈ చెయ్యి మెడికల్లో నిలవదు. ఇంకో పని సూసుకో నాయనా" అని చెప్పి పంపేశాడు. తమ్ముడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మగ్గాల మోతలో తన బతుకు కూడా అయిపోతుందని వాడి భయం. మూడో రోజు నేను మామ గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను.

"ఏదో ఒకటి చెయ్యి మామా. నువ్వు తలుచుకుంటే అవతాది" అన్నాను.

"కనపడకుండా నిలబడేది నేర్పొచ్చు పాపా. అది తప్పు."

"ఒక్క చెయ్యి రవ్వంత వంగితే దేశానికేం నష్టం మామా?"

ఈ మాట అన్నది నేనే. బడిపిల్లలకు సర్దిచెప్పినంత తేలిగ్గా అనేశాను. ఆయన గేటు గడియ తీసి బయటికొచ్చాడు. తర్వాత, "పుత్తూరు కట్టు ఇట్ల అతకదే. ఎందుకిట్ల అయింది?" అన్నాడు. "ఏమో మామా. సరిగ్గా అతుక్కోలేదు" అన్నాను.

మర్నాటి నుంచి వాళ్ల నడింట్లో బీరువా అద్దం ముందు పాఠం మొదలైంది. భుజాన్ని కొంచెం ముందుకు తొయ్యాలి, అరచేతిని లోపలికి తిప్పాలి, బొటనవేలు ప్యాంటు కుట్టు మీద ఆనాలి. అప్పుడు వంపు కనపడదు. రెండు నెలలు అదే పని. మెడికల్లో ఎవరూ పట్టుకోలేదు. తమ్ముడు రైలెక్కిన రోజు నేను మామ కాళ్లకు దణ్ణం పెట్టాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

పదమూడేళ్లు చేశాడు వాడు. రెండేళ్ల కిందట ఇంటికి వచ్చేశాడు. చెయ్యి బాగాలేదని పంపించేశారన్నాడు, అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. నాతో గానీ నాయనతో గానీ మాటల్లేవు. పొద్దున తిని గోడకు అటువైపు పోయేవాడు. ఆ వాకిట్లో ఇద్దరూ మాట్లాడకుండా గంటలు కూర్చునేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. బిడ్డను నేను పెంచితే ఈయన తీసుకుపోయి, తిరిగి ఇచ్చేటప్పుడు నోరు లేకుండా ఇచ్చాడనుకున్నాను. మామతో మాట్లాడడం తగ్గించాను. చీరలకు సుద్ద అంటినా గొడవ పడలేదు.

అయినా జెండా పండగకు మా బడికి ప్రతి ఏడూ ఆయన్నే పిలవడం వాడుక. ఈసారీ పిలిచాను. ఏడో తరగతి పాప ఒకతి లేచి అదే ప్రశ్న అడిగింది. "మిలిట్రీకి పోయినందుకు బాధపడినారా తాతా?" మామ మైకు పట్టుకున్నాడు. "లేదమ్మా" అంటాడని అందరం చప్పట్లకు సిద్ధంగా ఉన్నాం. మైకులోంచి ఆయన ఊపిరే బడంతా వినపడింది. హెడ్మాస్టరు నావైపు చూశాడు. మామ మైకు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి ఆపేశారు.

తిరుగు బస్సులో ఇద్దరం ఒకే సీటులో కూర్చున్నాం. నేను అడగలేదు. రెండు స్టాపులు దాటాక ఆయనే మొదలుపెట్టాడు.

"పోయినందుకు బాధ లేదు పాపా. సలికి ఏడ్సినా. మా నాయన సచ్చిపోతే మూడో దినానికి ఇల్లు సేరినా. ఆ పొద్దు అనుకున్యా, ఎందుకు పోతిని దేవుడా అని. అదంతా పోయింది. పోనిది ఒకటుండాది. మీ తమ్ముడు మీకు చెప్పలేదు, నాకు చెప్పినాడు. మంచులో ఇద్దరిద్దరు పోవాల. ఒకరికొకరు జోడీ. ఈని జోడీ కాలు జారినాడు. మనోడు కుడి చేత్తో తాడు పట్టుకోని, ఎడమ చేత్తో వాణ్ణి పట్టుకున్యాడు. ఆ చెయ్యి నిలవలా. జోడీ దక్కలా."

బస్సు ఆగింది. ఎవరో గంపతో ఎక్కారు. ఆయన కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు.

"మంచి చెయ్యి అయినా జారేదేమో మామా" అన్నాను.

"జారొచ్చు. జారకపోనూవచ్చు. తెలీదు. ఎప్పటికీ తెలీకుండా చేసింది నేను. నేను ఆ పొద్దు పంపించేసినట్లే ఉండనిస్తే, ఆ తావులో మంచి చెయ్యి ఉండేది. తర్వాత మనోడే డాక్టరు కాడికి పోయి చొక్కా ఇప్పి చెయ్యి సూపించినాడు. ఎవరు నేర్పినారని అడిగితే నా పేరు చెప్పలా. వాణ్ణి అడిగినా, పోయినందుకు బాధపడతా ఉండావా అని. లేదు మామా, పోకుంటే నా జోడీని కలిసేవాణ్ణే కాదు అన్యాడు."

కొంచెం ఆగి మళ్లీ అన్నాడు. "వంకర నేర్పించింది నేను. తప్పు నాది. మీ తమ్మునిది కాదు, ఇంకొకరిది కాదు."

పుత్తూరు ఊరి మొదట్లోకి వచ్చేశాం. దేశానికేం నష్టం అని అడిగిన నోరు నాది, కట్టు కోసిన చెయ్యీ నాదే. ఆయన నావైపు తిరిగి, "నువ్వేమన్నా చెప్పాల్నా పాపా?" అన్నాడు. కండక్టర్ బస్టాండు అని అరుస్తున్నాడు.

"ఏం లేదు మామా" అని లేచి నిలబడ్డాను.

ఆ తర్వాత ఆయన వాకిట్లో ఉంటే నేను పెరటి దారిన పోయేదాన్ని. పరీక్షలు కానీ, చెబుదాం అనుకున్నాను. వేసవి సెలవులు రానీ అనుకున్నాను. ఆయన మాత్రం మామూలుగానే పలకరించేవాడు. సుద్ద పూసిన బూట్లను గోడకు ఆ చివరికి జరిపి పెట్టడం మొదలుపెట్టాడు, చీరలకు అంటకుండా. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

ఆ రోజు బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. మైదానంలో పరిగెత్తే పిలకాయలు బూట్లు విడిచి గోడ వారగా నిలబడి ఉన్నారు. అత్త తల దగ్గర కూర్చుని ఆయన చొక్కా గుండీ పెడుతోంది, తీస్తోంది, మళ్లీ పెడుతోంది. నేను తమ్ముణ్ణి గేటు దగ్గరికి లాక్కుపోయాను. ఇక మోయలేను అనిపించింది.

"మామకు చెప్పలేకపోతిని రా. ఆ కట్టు నేను కోసింటి. ఆయప్ప అంతా తన తప్పే అనుకోని పోయినాడు" అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.

వాడు నా ముఖం చూశాడు. ఇంటికొచ్చిన రెండేళ్లలో అంత నేరుగా చూడడం అదే మొదటిసారి.

"మామకు తెలుసక్కా" అన్నాడు. "మెడికల్‌కు ముందే నేను చెప్పినా. మీ అక్కకు చెప్పబాక నాకు తెలుసని, తల్లి లేని బిడ్డను సాకిన మనిషి, దిగులు పడతాది అన్యాడు."

అంటే ఆ రోజు బస్సులో ఆయనకు తెలుసు. తెలిసే నా వాటా కూడా తన మీద వేసుకున్నాడు. తెలిసే, దిగే ముందు నన్ను అడిగాడు. చెప్పడానికి నాకు చోటిచ్చాడో, చెప్పక్కర్లేదని వదిలేశాడో ఇక తెలియదు. ఏం లేదు మామా అన్నాను నేను.

పాడె ఎత్తే ముందు పిలకాయలు వరసలో నిలబడ్డారు. వాళ్ల ముందు తమ్ముడు నిలబడి "సావధాన్" అన్నాడు. మడమలు ఒక్కసారి కలిశాయి. వాడు భుజాన్ని ముందుకు తొయ్యలేదు. అరచేతిని తిప్పలేదు. ఎడమ చెయ్యి ఎట్లా ఉందో అట్లాగే వదిలేశాడు, బొటనవేలు ప్యాంటు కుట్టుకు అందకుండా. మామ నేర్పిందంతా ఆ మామ ముందే విడిచిపెట్టి నిలబడ్డాడు. వెనక వరసలో పిలకాయలు ఆ చేతినే చూస్తున్నారు. నేను వాడి వెనకే ఉన్నాను. వంగిన ఆ మోచేతికీ నడుముకూ మధ్య సందులోంచి, రెండు బొటనవేళ్లూ కలిపి కట్టిన మామ పాదాలు కనిపించాయి.