పోచవ్వ గుంపు మట్టిముద్దలు

ఎల్లారెడ్డి చుట్టుపక్కల నాట్లు పడాలంటే ముందు పోచవ్వకు కబురు వెళ్లాలి. తనతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్ల గుంపు ఆమెది. నలభై ఏళ్ల నాట్లకు నడుము వంగింది గానీ నోరు వంగలేదు. ఆ గుంపు పొలంలో ఉంటే రైతు ఇంటికి తాళం వేయక్కర్లేదని జనం చెప్పుకునేవారు. పోచవ్వకున్న ఆస్తల్లా ఆ పేరే. రెండు వేల పదమూడు వానాకాలంలో ఆ పేరుకే ఎసరొచ్చింది.

ఆ రోజు నాటు దివాకర్ పొలంలో. దుబాయిలో ఆరేళ్లు పనిచేసి వచ్చిన మనిషి. అతని భార్య సంజన కామారెడ్డిలో పెరిగిన పిల్ల, బురద తొక్కి ఎరగదు. సరదాపడి చీర ఎగదోపి మడిలోకి దిగింది.

"ఉంగురం తీసి కొంగుకు ముడేసుకో బిడ్డా," అంది పోచవ్వ.

"ఏం గాదవ్వా, బిర్రుగనే ఉన్నది," అని నవ్వి, ఓ మూలన నాలుగు సాళ్లు నాటింది.

సద్దులు విప్పే వేళకు చూసుకుంటే వేలు బోసిగా ఉంది. పెళ్లినాటి ఉంగరం! "కాలువల చేతులు కడిగినప్పుడు ఉండె," అంటూ సంజన ఏడుపందుకుంది. కాలువ దేవారు, ఒడ్డంతా వెతికారు. లేదు. దివాకర్‌కు కోపం నషాళానికెక్కింది.

"ఎవరో తీసిండ్రు. దొంగలు! కొంగులు దులిపి పొండ్రి!"

రోడ్డు మీద ఆటో ఆపుకొని చూస్తున్న హన్మండ్లు కూడా విన్నాడు. అతనికి గిరాకీ కన్నా తమాషా ముఖ్యం. అతని చెవిన పడ్డ మాట సాయంత్రానికల్లా ఎల్లారెడ్డి బస్టాండులో ఉంటుంది. ఇక ఈ గుంపును ఏ రైతు పిలుస్తాడు?

"కొంగులు దులిపే రివాజు మాకు లేదు. మట్టిముద్ద రివాజున్నది," అంది పోచవ్వ.

తట్ట మీద గొంగడి కప్పింది. ఒక్కొక్కరూ పిడికెడు బురద ముద్ద చేసి గొంగడి కిందికి చేయి పోనిచ్చి వేయాలి. తీసిన చేయంటూ ఉంటే వస్తువును ముద్దలో పెట్టి వేసేస్తుంది. ఎవరు వేశారని అడిగేది లేదు. పోయిన వస్తువూ వస్తుంది, మనిషి పరువూ నిలుస్తుంది.

"ఇచ్చినోళ్లకు పుణ్యం, ఆరా తీసినోళ్లకు పాపం," అంటూ పోచవ్వ తన ముద్దే ముందు వేసింది. పన్నెండూ పడ్డాక నీళ్లలో ఒక్కొక్కటే పిసికింది. ఉత్త బురద.

"దొంగకు సిగ్గు గూడ లేదు," అన్నాడు దివాకర్. గుంపులో చిన్నది గంగ భోరుమంది.

పోచవ్వకు ఒళ్లు మండిపోయింది. పోగొట్టుకున్న చోట వెతుక్కోమన్నారు పెద్దలు, కూలోళ్ల కొంగుల్లో వెతుక్కోమన్నారా? మడి వైపు తిరిగింది. తన గుంపు నాటిన కుదుళ్లు రెండు మూడు పోచలకు మించవు. సంజన నాటిన మూలన మాత్రం గుప్పెడేసి నారు ముంజేతి లోతున గుచ్చి ఉంది. అంత లోతున పిడికిలి దించి లాగితే బురద ఉంగరాన్ని వదులుతుందా?

"ఆ మూల పీకుండ్రే!"

"నాటింది పీకుతరా!" అని లేచాడు దివాకర్.

"నువ్వాగు కొడుకా."

తొమ్మిదో కుదురు గంగ చేతికొచ్చింది. నారు వేళ్ల చుట్టూ ఉంగరం! గుంపంతా ఒక్కసారి కేక పెట్టింది. పోచవ్వ దాన్ని కడగకుండా, బురదతోనే పైకెత్తి చూపించింది.

"తప్పు నాదేనవ్వా, కాలువ కాడ సరిగ్గ చూసుకోలే," అని సంజన ఆమె చేతులు పట్టుకుంది.

"ఏదో కోపంల అన్న," అని గొణిగాడు దివాకర్.

"దొంగలని ఎంత గట్టిగన్నవో, గంత గట్టిగనే ఇది గూడ చెప్పు. హన్మండ్లుకు ఇనవడాలె."

దివాకర్ ఒడ్డెక్కాడు. మెడ నరాలు తేలాయి. "దొరికింది! నా పెండ్లాం నాటిన కాడ్నే దొరికింది! గీళ్లు తియ్యలే!"

రోడ్డు మీద ఆటో హారన్ మోగింది.

"ఇగ మీ ఇజ్జత్ మీకు తిరిగొచ్చింది గదవ్వా," అన్నాడు దివాకర్ ఒడ్డు దిగివచ్చి.

పోచవ్వ నడుం మీద చేయి వేసుకొని, వీలైనంత నిటారుగా నిలబడింది.

"మా ఇజ్జత్ యాడికి పోయింది కొడుకా, తిరిగొచ్చెటందుకు? నోరు జారింది నువ్వు. నీదే నీకు దొరికింది."

ఉంగరాన్ని సంజన కొంగుకు గట్టిగా ముడేసి, చేయి పట్టుకొని ఆ మూలకే తీసుకెళ్లింది.

"దిగు బిడ్డా. ఈసారి రెండు పోచలే పట్టు."